ఫారంలో ఒక గడి

సుచిత్ర సర్కిల్ దగ్గర, మెడికల్ షాపు పైనున్న డెంటల్ క్లినిక్‌లో నాకో ఫారం ఇచ్చారు. షుగర్, బీపీ తర్వాతి ప్రశ్న: హెపటైటిస్ ఉందా? ‘లేదు’ దగ్గర టిక్ పెట్టాను.

ఉంది.

ఆరేళ్ల కిందట ఆఫీసులో బ్లడ్ క్యాంప్ పెడితే సరదాగా రక్తం ఇచ్చాను. తర్వాత ఫోన్ చేసి రమ్మన్నారు. హెపటైటిస్ బి. ఎలా వచ్చిందో తెలీదు. నేను పుట్టింది 1989లో. మా ఊరి ఆర్‌ఎంపీ ఒకే గాజు సిరంజిని గిన్నెలో మరగబెట్టి ఊరందరికీ పొడిచేవాడు. అమ్మ నుంచి కూడా వచ్చుండొచ్చు. ఏం చెప్పి ఆమెని టెస్టుకి తీసుకెళ్లాలో తెలీక ఇంకా తీసుకెళ్లలేదు.

మొదటిసారి పన్ను నొప్పొచ్చినప్పుడు వేరే చోట నిజమే చెప్పాను. స్టెరిలైజర్ రిపేర్లో ఉంది, బాగయ్యాక ఫోన్ చేస్తామన్నారు. నా తర్వాత కూర్చున్నావిడని మాత్రం లోపలికి పిలిచారు. ఫోన్ రాలేదు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల మీద వివక్ష చూపకూడదని 2017లో చట్టం వచ్చింది. నా రోగం అందులో లేదు.

అందుకే ఈసారి అబద్ధం. దానికో సమర్థన కూడా ఉంది నా దగ్గర. ఏ పేషెంటు రక్తాన్నయినా అంటురోగం ఉన్నట్టే చూడమని అమెరికా సీడీసీ 1987లోనే చెప్పింది. ఈ వైరస్ ఉన్న చాలామందికి ఆ సంగతే తెలీదు మరి. మేమూ కోడ్ రాసేటప్పుడు యూజర్ ఇచ్చిన ఇన్‌పుట్‌ని నమ్మం. ఎవరొచ్చినా కొత్త గ్లౌజులు, కొత్త సూది, పరికరాలకి ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరి, కనీసం పావుగంట. ఇదంతా జరిగితే నా టిక్ ఎటున్నా ఒకటే అనుకున్నాను.

రూట్ కెనాల్ రెండో సిట్టింగ్‌కి కాస్త ముందే వెళ్లాను. ఇరవై ఏళ్లుంటాయేమో, అసిస్టెంట్ అమ్మాయి సింకు దగ్గర పనిముట్లు బ్రష్‌తో తోముతోంది. పల్చటి గ్లౌజులు. సూదుల్లాంటి కొనలు. ఆటోక్లేవ్‌లోకి పోయే ముందు వాటిని ఎవరో ఒకరు కడగాలి కదా, ఆ సంగతే నాకు తట్టలేదు. ఎండిన రక్తంలో కూడా ఈ వైరస్ వారం రోజులు బతుకుతుంది. పేషెంటుకి వాడిన సూది గుచ్చుకుంటే హెచ్‌ఐవీ అంటే అవకాశం వెయ్యికి మూడు. హెపటైటిస్ బి అయితే, టీకా లేనివాళ్లకి, వందకి ఆరు నుంచి ముప్పై.

టీకా ఏమీ అందని వస్తువు కాదు. ఈ రోడ్డునే కొంపల్లి దాటి పోతే మేడ్చల్, పక్కనే అత్వెల్లి. వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ అక్కడిదే. 1997లో మన దేశపు మొదటి రీకాంబినెంట్ హెపటైటిస్ బి టీకా, షాన్‌వాక్ బి, తెచ్చింది వాళ్లే. దిగుమతి టీకా మాలాంటి ఇళ్లకి అందని రోజులవి. నాకు ఎనిమిదేళ్లు ఆలస్యం, అంతే.

లోపలికి పిలిచాక ఫారం అడిగి తీసుకుని ‘లేదు’ కొట్టేశాను. డాక్టర్ చూసి, “లివర్ డాక్టర్‌కి చూపించుకుంటున్నారా?” అని మాత్రం అడిగి, కొత్త గ్లౌజులు తొడుక్కుంది. అంతే.

బయటికొస్తూ ఆ అమ్మాయిని అడిగాను, హెపటైటిస్ టీకా వేయించుకున్నావా అమ్మా అని.

“కరోనాదా అన్నా? రెండు డోసులు ఏస్కున్న.”