ఎర్ర సరస్సులో రాజహంసలు

రాజహంసలను చూడాలంటే మనకు పులికాట్ ఉంది. శీతాకాలంలో సూళ్లూరుపేట వెళ్తే చాలు. మరి వాటి కోసం బొలీవియా దాకా పోవాలా? పోవాలి. ఎందుకంటే అక్కడివి వేరే జాతులు. పైగా అవి బతికే చోటు చూస్తే ముక్కున వేలేసుకుంటాం!

ఉయుని అనే ఊరి నుంచి జీపులో బయల్దేరాం. రోడ్డంటూ లేదు, టైర్ల గుర్తులే దారి. ఎటుచూసినా అగ్నిపర్వతాలు, బూడిదరంగు ఇసుక. దీన్ని 1973లో ఎడ్వర్డో అవరోవా అభయారణ్యంగా ప్రకటించారు. పేరుకే అరణ్యం... దారి పొడవునా చెట్టు కనిపిస్తే ఒట్టు! విస్తీర్ణం మాత్రం 7 లక్షల హెక్టార్ల పైమాటే. ఎత్తు 4 వేల మీటర్లకు పైనే, అంటే తిరుమల కొండకు నాలుగింతలు. పది అడుగులు వేస్తే చాలు, ఆయాసం. యాభయ్యేళ్ల మా డ్రైవర్ నవ్వి గుప్పెడు కోకా ఆకులు చేతిలో పెట్టాడు. మన తాతలు పొగాకు దవడన పెట్టుకున్నట్టు అక్కడివాళ్లు వాటిని బుగ్గన పెట్టుకుంటారు.

దారిలో వికూన్యాలు ఎదురొచ్చాయి. ఒంటెకు చిన్న చెల్లెళ్లలా ఉంటాయి. వాటి మెత్తటి బొచ్చు కోసం విచ్చలవిడిగా వేటాడితే 1960ల నాటికి కొన్ని వేలే మిగిలాయట. 1969లో బొలీవియా, పెరూ కలిసి రక్షణ ఒప్పందం చేసుకున్నాక తేరుకున్నాయి. ఇప్పుడు ఆండీస్ పర్వతాల్లో లక్షల్లో ఉన్నాయి.

మధ్యాహ్నానికి లగునా కొలొరాడా చేరాం. నీళ్లు నిజంగానే ఎర్రగా ఉన్నాయి! ఉప్పునీటిలో పెరిగే నాచుది ఆ రంగు. మధ్యలో తెల్లటి బోరాక్స్ దిబ్బలు. ఆ నీళ్లలో తలలు ముంచి మేస్తూ వేల రాజహంసలు. ప్రపంచంలో ఉన్నవి ఆరు జాతులైతే మూడు ఇక్కడే కనిపిస్తాయి. వాటిలో జేమ్స్ రాజహంస ఇక లేదనే అనుకున్నారు. 1957లో ఈ సరస్సు దగ్గరే మళ్లీ కనిపించింది. చలికాలం రాత్రుళ్లు నీరు గడ్డకట్టినా వేడి ఊటలున్న చోట కరిగే ఉంటుంది. కొన్ని పక్షులు అక్కడే రోజులు నెట్టుకొస్తాయి.

మా బృందంలో స్పానిష్ తెలిసిన అమ్మాయి డ్రైవర్ మాటలు చెబుతూ వచ్చింది. చిన్నప్పుడు ఆయన వాళ్లమ్మతో కలిసి రాజహంస గుడ్లు ఏరేవాడట. ‘‘ఆకలి. ఇంకేం తినాలి?’’ అన్నాడు. రాజహంస ఏడాదికి పెట్టేది సాధారణంగా ఒక్క గుడ్డే. అది పోతే ఆ ఏడాదికి అంతే! కాపలా పెరిగాక వాళ్ల ఊళ్లో ఆ అలవాటు పోయిందట. నేలపట్టు రైతుల గురించి చెప్పాను... పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పైరుకు బలమని వాళ్లు పక్షులను కంటికి రెప్పలా కాచుకుంటారని. ‘‘మాకు టూరిస్టులే పైరు’’ అని ఒకటే నవ్వు.

ఇప్పుడు భయం గుడ్ల గురించి కాదు, నీటి గురించి. ఈ ప్రాంతంలోని ఉప్పు మైదానాల కింద బోలెడంత లిథియం ఉంది. సెల్‌ఫోన్లకూ, ఎలక్ట్రిక్ కార్లకూ అదే ప్రాణం. సరిహద్దు అవతల చిలీలోని అటకామా ఉప్పు మైదానంలో లిథియం కోసం ఉప్పునీటిని తోడుతున్న చోట రెండు జాతుల రాజహంసలు తగ్గాయని 2022లో ఒక అధ్యయనం తేల్చింది. అభయారణ్యానికి ఉత్తరాన, ఉయుని ఉప్పు మైదానంలో 2023లో ప్రభుత్వ లిథియం కర్మాగారం మొదలైంది.

‘‘మరి మీరేమంటారు?’’ అని డ్రైవర్‌ని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. వాళ్లబ్బాయి ఉయునిలో చదువుతున్నాడు. ఆ కర్మాగారంలోనే ఉద్యోగం కావాలంటున్నాడట. ‘‘వాడికి ఉద్యోగం రావాలి. ఈ పక్షులూ ఉండాలి’’ అన్నాడు చివరికి.

నేనేం చెప్పను? అప్పటిదాకా రాజహంసలను ఫొటోలు తీస్తున్న నా ఫోన్‌లో ఉన్నదీ లిథియం బ్యాటరీయే.