పది సెకండ్ల గడువు

పిల్లలూ! మీలో ఎవరైనా ఉత్తరం రాసి, పోస్టుడబ్బాలో పడేసి, ఆ మరుక్షణమే "అయ్యో!" అని నాలుక కరుచుకున్నారా? ఈ రోజుల్లో ఉత్తరాలు రాసేవాళ్ళే తక్కువ. నేను మాత్రం ఒకసారి కరుచుకున్నాను.

అప్పుడు నాకు పదేళ్ళు. మా అన్నయ్య కాకినాడలో చదువుకుంటూ, నాకు రంగులపెట్టె పంపుతానన్నాడు. నెల గడిచినా రాలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. "నువ్వు ఒట్టి అబద్ధాలకోరువి. ఇక నీతో పచ్చి!" అని కార్డు రాసి ఎర్రడబ్బాలో వేశాను. ఇంటికి వచ్చేసరికి అరుగు మీద పార్సెలు! విప్పితే రంగులపెట్టె! పరుగున వెనక్కి పోయి, పోస్టుమాన్ వచ్చేదాకా ఆ డబ్బా దగ్గరే కాపలా ఉన్నాను. ఎంత బతిమాలినా ఆయన, "డబ్బాలో పడిన ఉత్తరం నేను తీసి ఇవ్వకూడదు బాబూ" అన్నాడు. కార్డు అన్నయ్యకు చేరనే చేరింది.

ఇన్నేళ్ళ తర్వాత, మొన్న దసరా ముందు, మళ్ళీ అదే పని చేశాను. అమ్మను పండక్కి మా ఇంటికి పంపమని అన్నయ్యను అడిగాను. "ఇప్పుడు పంపలేను" అని ఈమెయిలు వచ్చింది. కోపంతో, "ఇక నీ గడప తొక్కను" అని రాసి, పంపే మీట నొక్కేశాను. నొక్కగానే గుండె జల్లుమంది. పక్కనే ఉన్న మా మనుమరాలు, "తాతయ్యా, కింద చూడు! ఇంకా టైముంది!" అని అరిచింది. తెర అడుగున ఒక చిన్న పట్టీలో "అన్‌డూ" అనే మాట కనిపించింది. నొక్కాను. ఉత్తరం తిరిగి నా ముందుకు వచ్చింది.

పోయిన ఉత్తరాన్ని కంప్యూటరు ఎలా పట్టుకొచ్చింది? తమాషా ఏమిటంటే, ఉత్తరం అసలు పోనే లేదు! జీమెయిల్ వారు ఈ సదుపాయాన్ని 2009లో ప్రయోగంగా పెట్టినప్పుడు, గడువు 5 సెకండ్లే. ఇప్పుడు 5, 10, 20, 30 సెకండ్లలో మనకు కావలసినది ఎంచుకోవచ్చు. నా దాంట్లో మనుమరాలు 10 పెట్టిందట. మనం మీట నొక్కాక యంత్రం అంతసేపూ ఉత్తరాన్ని తన దగ్గరే ఉంచుకుని, తర్వాత పంపుతుందన్నమాట. మా పోస్టుమాన్‌కు లేని వెసులుబాటు దీనికి ఉంది.

ఇలాటి చిన్న సంగతులు ఎవరికి తడతాయా అని నాకు ఆశ్చర్యం. లారీ టెస్లర్ అనే ఆయన సంగతి చెబుతాను, వినండి. 1970ల మధ్యలో ఆయన అమెరికాలోని పాలో ఆల్టోలో, జిరాక్స్ వారి పరిశోధనశాలలో పనిచేసేవాడు. అక్కడ "బ్రేవో" అనే రాతపని ప్రోగ్రాం ఉండేది. దానిలో ఒక్కో అక్షరం మీట ఒకప్పుడు అక్షరమూ, మరొకప్పుడు ఆజ్ఞా అయేది. ఆజ్ఞలు తీసుకునే సమయమని మరచి ఎవరైనా "ఎడిట్" అనే ఇంగ్లీషు మాటను టైపు చేశారనుకోండి. "ఇ" అంటే అంతా ఎంచు, "డి" అంటే తుడిచెయ్యి, "ఐ" అంటే చేర్చు. ఇక మిగిలింది "టి". రాసిందంతా పోయి, తెర మీద ఒక్క "టి" మిగిలేది!

టెస్లర్‌కు ఇది బొత్తిగా నచ్చలేదు. కొత్తగా చేరిన ఒక సెక్రటరీని ఖాళీ తెర ముందు కూర్చోబెట్టి, "దీని మీద దిద్దాలంటే ఏం చేస్తావు?" అని అడిగాడు. కంప్యూటరు తెలియని ఆమె ఎలా అనుకుందో శ్రద్ధగా రాసుకున్నాడు. తర్వాత టిమ్ మాట్ అనే మిత్రుడితో కలిసి, పాఠ్యపుస్తకాల ప్రచురణసంస్థ ఒకదాని కోసం "జిప్సీ" అనే ప్రోగ్రాం తయారుచేశాడు. దానిలో అక్షరం మీట నొక్కితే అక్షరమే పడుతుంది. ఈనాడు మీరు ఒకచోట కత్తిరించి మరొకచోట అతికిస్తున్నారే, ఆ పద్ధతికి రూపం దిద్దినవాళ్ళలో ఆయన ముఖ్యుడు. 2020లో కన్నుమూశాడు. ఆయన కారు నంబరుపలక మీద కూడా "నో మోడ్స్" అనే రాసి ఉండేదట. పట్టుదల అంటే అదీ!

మీరు ఈసారి నాన్నగారితో ఏటీఎం దగ్గరకు వెళితే గమనించండి. చాలా యంత్రాలు ముందు కార్డు తీసుకోమని, తర్వాతే డబ్బు ఇస్తాయి. డబ్బు ముందిస్తే, చేతికందిన ఆనందంలో మనం కార్డు వదిలేసి పోతాం కదా!

ఆ రోజు అన్‌డూ నొక్కాక, అన్నయ్య ఉత్తరం మళ్ళీ చదివాను. కోపంలో నేను చూడని ఆఖరి వాక్యం ఒకటి ఉంది: "అమ్మకు మోకాళ్ళ నొప్పులు, బస్సెక్కలేకపోతోంది; మీరే రండి."

మేమే వెళ్ళాం. అన్నయ్య ఇప్పటికీ ఆ పాత కార్డును పెట్టెలో దాచుకున్నాడు. తీసి, గొంతు సవరించుకుని, మా మనుమరాలికి "నీతో పచ్చి" దాకా చదివి వినిపించాడు. అమ్మ పడీపడీ నవ్వింది. రెండో ఉత్తరం సంగతి నేనైతే ఎవరికీ చెప్పలేదు. మీరూ చెప్పకండేం!