తినని అతిథి

కళాశాల వార్షిక సంచికకు తెలుగు అధ్యాపకుడు ఏ ప్రబంధాన్ని గూర్చియో, ఏ కవిని గూర్చియో వ్రాస్తాడని పాఠకులు ఎదురుచూడడం సహజం. మేము ఈసారి ఒక కప్పను గూర్చి వ్రాస్తున్నాము. నవ్వదలచిన విద్యార్థులు ముందుగానే నవ్వుకొని, ఆ తరువాత చదవవలసిందిగా మనవి.

మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. ఆమె దగ్గరున్న ఇంగ్లీషు అక్షరమాల బొమ్మల పుస్తకంలో 'ఎన్' అక్షరం ప్రక్కన న్యూట్ అనే జంతువు బొమ్మ ఉన్నది. బల్లి వంటి ఆకారం, తడి చర్మం, పొడవైన తోక. అయినా అది బల్లి జాతి కాదు, కప్పకు చుట్టం. "అబ్బా, నాకిది కావాలి" అని పిల్ల పట్టుబట్టింది. తోక గల ఉభయచరాలు మన దేశంలో తూర్పు హిమాలయాలలోను, ఈశాన్యపు కొండలలోను తప్ప లేవనీ, వాటిని చూడాలంటే డార్జిలింగు వైపు పోవాలనీ, మన జహీరాబాదు నేలలో దొరకవనీ నచ్చజెప్పాము. పిల్ల విన్నట్లే విన్నది. మృగశిర కార్తెలో మొదటి పెద్దవాన కురిసిన మరునాటి ఉదయం, ప్రక్కింటి పిల్లవాని సాయంతో, పెరటి గుంటలోని బోదురు కప్పను ఒకదానిని బకెట్టులో పట్టుకొని వచ్చి, "ఇదిగో, తోకలేని న్యూట్" అని ప్రకటించింది.

ఇంటికి వచ్చిన మెహమాన్‌ను ఆకలితో పంపే ఆచారం మా ఇండ్లలో లేదు. కప్పను గాజుతొట్టిలో ఉంచి, కుళాయి నీరు పోసి, హాలులో అందరికీ కనబడేటట్లు బల్లమీద పెట్టాము. అన్నం మెతుకులు వేశాము, ముట్టలేదు. రొట్టె ముక్క వేశాము, చూడలేదు. చచ్చిన ఈగలను ఏరి ముందు పెట్టాము. వాటి మధ్యనే రాయివలె కూర్చున్నది. రెండు రోజులు, మూడు రోజులు గడిచాయి. పిల్ల బడి నుండి రాగానే పుస్తకాల సంచి దించకుండానే తొట్టి దగ్గరకు పరుగెత్తి, "తిన్నదా?" అని అడిగేది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేక మాకు విసుగు పుట్టింది. విద్యార్థి దశలో కప్ప జీర్ణమండలం బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న మాకు, ఒక్క కప్ప చేత ఒక్క ముద్ద తినిపించడం చేతకాలేదు.

నాలుగవ నాడు మేము చేసిన పని చెప్పుకొనడానికి సిగ్గుగా ఉన్నది. కప్పను గట్టిగా పట్టుకొని, చెంచా కాడతో నోరు తెరిచి, ఖీమా ముద్దను లోపలికి త్రోశాము. అది ముందుకాళ్ళతో ముద్దను తుడిచి పారవేసింది. పెదవి అంచున సన్నని నెత్తుటి గీత కనిపించింది. "అది వద్దంటోంది కదా, అబ్బా!" అని పిల్ల ఏడ్చింది. మా అమ్మగారు తస్బీహ్ ప్రక్కన పెట్టి, "భయపడినవాళ్ళ నోటికి ముద్ద పోదు, బేటా" అని మాత్రం అన్నారు.

ఆ మాట మాకు ఇంకొక చోట గుచ్చుకున్నది. ఆ వారంలోనే మా తరగతిలో కొత్తగా చేరిన ఒక విద్యార్థిని లేచి పాఠం చదవమన్నాము. పదవ తరగతి వరకు ఉర్దూ మాధ్యమంలో చదివిన పిల్లవాడు. నోరు తెరవలేదు. చదివే వరకు కూర్చోవద్దన్నాము. గంట మ్రోగేదాకా నిలబడే ఉన్నాడు గాని ఒక్క అక్షరం పలకలేదు. "ఈ నేల మీద పుట్టి తెలుగు రాకపోవడం సిగ్గు కాదా?" అని అందరి ముందు అన్నాము. మరునాటి నుండి అతడు కళాశాలకు రావడం మానివేశాడు. తరగతిలో అతడిని మొండివాడనుకున్నాము. ఇంటిలో కప్పను మొండిదనుకున్నాము.

జంతుశాస్త్రం బోధించే మా సహాధ్యాపకుని అడిగితే, ఆయన మా అజ్ఞానాన్ని ఒక్కొక్కటిగా విప్పి చూపారు. కప్ప నోటితో నీరు త్రాగదు, చర్మంతో పీల్చుకుంటుంది. కాబట్టి కుళాయి నీటిలోని క్లోరిన్ దానికి హాని. నాలుగు వైపులా వెలుతురు, మనుష్యుల అలికిడి ఉన్నచోట దానికి ప్రాణభయమే గాని ఆకలి ఉండదు. ఎండకాలమంతా మట్టిలో దాగి తిండి లేకుండా గడపగల జంతువు అది. తొందర మాదే గాని దానిది కాదు. అన్నిటికంటె ముఖ్యమైనది కంటి సంగతి. 1959లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన లెట్విన్, మతురానా, మెకలక్, పిట్స్ అనే నలుగురు శాస్త్రజ్ఞులు కప్ప కన్ను మెదడుకు ఏమి తెలియజేస్తుందో పరిశోధించారు. కదిలే చిన్న వస్తువునే కప్ప ఆహారంగా గుర్తిస్తుంది. కదలని తిండి చుట్టూ ఎంత ఉన్నా, దాని మధ్యనే ఆకలితో చావగలదు. అనగా మేము మూడు రోజులు పెట్టిన విందు దానికి కనబడనే లేదు!

ఆ సాయంత్రమే తొట్టిని బల్లమీద నుండి దించి చీకటి మూలకు మార్చాము. ఒకరోజు నిలవయుంచిన నీరు కొద్దిగా పోసి, పెరటి మట్టి, దాగడానికి ఒక పగిలిన కుండపెంకు పెట్టి, పైన గాలి ఆడేటట్లు తడి గోనె కప్పాము. పిల్లను గూడ తొంగిచూడవద్దన్నాము. ఆరవ రాత్రి అందరూ పడుకున్న తరువాత, తడిమట్టిలో త్రవ్వి తెచ్చిన ఒక ఎర్రను తొట్టిలో వదిలాము. అది మెలికలు తిరిగింది. కప్ప తల త్రిప్పింది. కన్ను మూసి తెరిచేలోగా ఎర్ర మాయమయినది. నిద్రలో ఉన్న పిల్లను లేపి చెప్పాము, లేపకుండా ఉండలేకపోయాము.

ఆదివారం నాడు ఆ విద్యార్థి ఊరికి వెళ్ళాము. కర్ణాటక సరిహద్దు దగ్గరి చిన్న పల్లె. తండ్రితో కలిసి పొలంలో అల్లం నాటిస్తున్నాడు. మేము గట్టు మీద నిలబడి విన్నాము. కూలీ స్త్రీలతో అతడు తెలుగులోనే మాట్లాడుతున్నాడు. సాలు వంకర పోతున్నదని హెచ్చరిస్తున్నాడు, వారి ఎగతాళికి ఎదురు ఎగతాళి చేస్తున్నాడు. మమ్ము చూడగానే సలాము చేసి మౌనం దాల్చాడు. పాఠం సంగతి ఎత్తలేదు. "అల్లం ఎట్లా నాటుతారు? మాకు తెలియదు, చెప్పు" అన్నాము. ముందు తడబడినా, గడ్డను ఎట్లా విరవాలో, ప్రతి ముక్కకు మొలక కన్ను ఎందుకుండాలో, నీరు నిలిస్తే గడ్డ ఎట్లా కుళ్ళుతుందో, అన్నీ తెలుగులోనే చెప్పాడు. తెలుగు అతని నోటిలో ఉన్నది; మేము పెట్టిన పేరాలో మాత్రం అతనికి కనబడలేదు. తరగతిలో అన్న మాటకు అక్కడే, తండ్రి ఎదుటనే, క్షమాపణ చెప్పుకున్నాము. సోమవారం కళాశాలకు వచ్చాడు. అల్లం గురించి ఒక పుట వ్రాసి ఇచ్చాడు. ఒత్తులు తప్పులే, ఇప్పటికీ తప్పుతాడు. కాని ఇప్పుడు లేచి చదువుతాడు, తప్పు చదివి తానే నవ్వుతాడు.

ఇక కప్ప కథ. తినడం మొదలుపెట్టిన వారానికి దానిని నారింజ వాగు దగ్గర వదలివేయాలని నిశ్చయించాము. "ఇప్పుడే గదా తింటున్నది, ఎందుకు పంపడం?" అని పిల్ల వాదించింది. పంటను తినే పురుగులను కప్పలు తింటాయనీ, ఒకప్పుడు కప్పకాళ్ళను విదేశాలకు ఎగుమతి చేసిన మన దేశం 1987లో ఆ వ్యాపారాన్ని నిషేధించిందనీ చెప్పాము. పిల్లకు అది చాలలేదు. చివరకు వాళ్ళ దాదీయే, "మెహమాన్ కడుపు నిండితే ఇంటికి పోతాడు, బిడ్డా, ఆకలితో పోతేనే మనకు తప్పు" అని ఒప్పించారు. గట్టు మీద బకెట్టు వంచితే కప్ప క్షణం సేపు కదలలేదు. తరువాత ఒక్క గంతు. గడ్డిలో మళ్ళీ కనబడలేదు.

విద్యార్థులలో ఎవరైనా పాఠం ముందు నోరు మూసుకొని కూర్చుంటే, మేము ఇప్పుడు వారి ముఖం కంటె ముందు మా చేతిలోని పళ్ళెం చూసుకుంటున్నాము. అందులో ఉన్నది కదులుతున్నదా, లేదా? ఈ ప్రశ్న నేర్పిన గురువు పెరటి గుంటలోని ఒక బోదురు కప్ప అని చెప్పుకొనడానికి మాకు సంకోచం లేదు.