ఊరికే ఒక ఆదివారం

"కార్తీకం కాదు, పుష్కరాలూ కావు. ఊరికే భవానీ ద్వీపానికి ఎందుకే?" అంది అమ్మ. కృష్ణ దగ్గరికి వెళ్ళాలంటే ఆడదాని చేతిలో దీపమో, బట్టల మూటో ఉండాలి కాబోలు! 1957లో కట్టిన ప్రకాశం బ్యారేజీ వెనక నిలిచిన ఆ నీళ్ళని చూసి రావాలన్నదే మా నలుగురి కోరిక. పడవ టిక్కెట్టు కన్నా ముందు మరుగుదొడ్డి, నెలసరి తేదీ, పిల్లల్ని చూసేదెవరు, చీకటి పడేలోగా ఇల్లు - ఇన్ని లెక్కలు. మగవాళ్ళయితే బండి తాళం తీసుకుంటారంతే.

లైఫ్ జాకెట్లు లేకపోతే ఎక్కొద్దన్నాన్నేను. 2017 నవంబరు 12న, అదీ కార్తీకమాసపు ఆదివారమే, పవిత్ర సంగమం దగ్గర హారతి చూడబోయిన వాళ్ళ పడవ బోల్తాపడి 20 మందికి పైగా పోయారు. ఆ పడవకి అనుమతే లేదు. అమ్మ భయం ఇదైతే ఒప్పుకునేదాన్ని. ఆవిడ అడిగింది, "మగతోడు ఎవరు?" అని.

మా నలుగురిలో ఇద్దరికి ఈత వచ్చు. తోడు పంపుతానన్న అన్నయ్యకి రాదు.