రికార్డరులో నిలిచిన గొంతు

మానసిక వేదనపై గుణాత్మక పరిశోధన చేసేవారి చేతిలో ఉండేది చిన్న వాయిస్ రికార్డర్. అందులోకి చేరేది ఒక బతుకు. అది చేరాక ఎవరిది?

నాయక రాజుల కాలం నుంచీ మదురై, కోయంబత్తూరు ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. చాలా ఇళ్లలో మాట తెలుగు, చదువూ రాతా తమిళం. అలాంటి ఇంట్లో ఒకరి గొంతు రికార్డు చేసే ముందు, అంగీకార పత్రం తమిళంలో ఉన్నా, దాన్ని ఇంటి మాటలో నిదానంగా వివరించే మనిషి పరిశోధన బృందంలో ఉండాలి. ఆ మనిషి అదే బంధువర్గం నుంచి వస్తే మరో చిక్కు. పేరు తీసేసినా వీధి, చేసే పని, వియ్యమందిన ఊరు కనిపిస్తే చాలు, చెప్పిందెవరో చుట్టాలు ఇట్టే పోల్చుకుంటారు. ఆడపిల్ల సంబంధం చెడుతుందన్న భయం నోరు నొక్కేస్తుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను హక్కుగా ఇచ్చింది. వీధిలో దాన్ని కాపాడాల్సింది మాత్రం బృందమే.

మదురైకి ఆగ్నేయంగా, రామనాథపురం జిల్లా ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న చెలరేగిన మంటల్లో, గొలుసులతో కట్టివేసిన మానసిక రోగులు 28 మంది చనిపోయారు. అలాంటి నేల మీద మానసిక వేదనను వినడం తేలిక పని కాదు.

రికార్డింగును అక్షరాల్లోకి దించే వ్యక్తి ఒకే ఏడుపును పదేపదే వినాలి. ఆ బరువు దించుకోవడానికి బృందం తరచూ కలిసి కూర్చోవాలి, చిన్న ఉద్యోగి మాటకూ అక్కడ చోటుండాలి. అర్థం దగ్గర తేడా వస్తే చెప్పిన మనిషినే మళ్లీ అడగాలి. తన మాట వెనక్కి తీసుకుంటానంటే, కారణం అడగకుండా తీసేయాలి.