మిన్నీ బే నుంచి మౌంట్ మణిపూర్ దాకా

అండమాన్ వచ్చినవాళ్లంతా హావ్‌లాక్ ఓడ టికెట్ల కోసం పరుగులు పెడతారు. టికెట్ దొరక్కపోతే బెంగపడక్కర్లేదు. రాజధాని ఊళ్లోని మిన్నీ బేలో తెల్లారకుండానే బయల్దేరితే ఫెర్రీ, కొండ, అడవి, చేపల పులుసు అన్నీ ఒక్క రోజులో అయిపోతాయి.

ముందు జంగ్లీఘాట్. సిక్కోలు, విశాఖ తీరాల నుంచి వచ్చి స్థిరపడిన మత్స్యకారుల తెలుగు ఈ రేవులో వినబడుతుంది. టిఫిన్ ఊళ్లోనే కానిచ్చి, మధ్యాహ్నానికి పులిహోర మూట కట్టుకోవాలి. కొండ పైన హోటళ్ల మీద ఆశ పెట్టుకోవద్దు.

హడ్డో దాటి వంతెన ఎక్కితే చాథమ్. ఇక్కడి రంపపు మిల్లు 1883 నాటిది. పడౌక్ కలప కోసినచోట రంపపు పొట్టు కూడా ఎర్రగానే ఉంటుంది. పక్కనే ఫెర్రీ రేవు. స్కూటర్లు, కార్లు, కూరగాయల బస్తాలు, వాటి సందుల్లో ఇరుక్కుని మనుషులు. కాసేపట్లో అవతలి ఒడ్డు, బాంబూ ఫ్లాట్.

అక్కణ్ణుంచి హోప్‌టౌన్ మీదుగా ఎక్కుడే. కొండ ఎత్తు 383 మీటర్లు. బ్రిటిష్ అధికారి టైట్లర్ భార్య పేరిట చాలాకాలం మౌంట్ హారియట్ అన్నారు. 1891 యుద్ధంలో ఓడి ఇక్కడికి ప్రవాసమొచ్చిన మణిపురి రాజు కులచంద్ర, ఆయన అనుచరుల గుర్తుగా 2021లో మౌంట్ మణిపూర్ చేశారు. ఆ మార్పు నాకు సబబే అనిపిస్తుంది. పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనక కొబ్బరిచెట్లు, దీపస్తంభం ఉండేవి గుర్తుందా? ఆ దృశ్యం ఈ కొండ మీంచి కనబడేదే.

అసలు నడక పైనుంచి మొదలు. కాలాపత్థర్ సుమారు 2 కిలోమీటర్లు, చెట్ల నీడలో. ఖైదీలను అక్కణ్ణుంచి లోయలోకి తోసేవారని చెప్పుకుంటారు. వానాకాలమైతే జేబులో ఉప్పు పొట్లం ఉండాల్సిందే, జలగలు మేజోళ్లలోకి కూడా దూరతాయి. మధుబన్ దాకా కాలిబాట ఉంది గానీ పిల్లలతో వద్దు.

ఇక దిగడం. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయో ఈ కొండ మీద సూర్యాస్తమయం చూసి దిగాడు. హోప్‌టౌన్ రేవు చేరేసరికి చీకటి పడింది. ఆ చీకట్లోనే షేర్ అలీ అఫ్రీదీ అనే ఖైదీ మేయోను కత్తితో పొడిచి చంపాడు. మనకా భయం లేదు గానీ, డిసెంబరులో ఇక్కడ ఐదింటికే పొద్దుగూకుతుంది. మూడింటికల్లా దిగడం మొదలుపెడితే రాత్రి భోజనానికి ఊళ్లో ఉంటారు. తిరుగు ఫెర్రీ వేళలు పొద్దున చాథమ్‌లోనే అడిగి పెట్టుకోండి.