రాళ్ల సీమలో రోజంతా...

తిరుపతి వచ్చినవాళ్లు కాణిపాకం చూసుకుని వెనక్కి మళ్లుతారు. ఇంకాస్త తీరికుంటే హార్సిలీ హిల్స్! మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం వెళ్లే దారిలో మాత్రం పనున్నవాళ్లే తప్ప యాత్రికులు కనిపించరు. అటూ ఇటుగా 125 కిలోమీటర్లు. 2022 దాకా మొత్తం చిత్తూరు జిల్లానే. ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుండే బండలు, వాటి మధ్య చెరువులు, చెరువుల్లో తుమ్మచెట్లు. ఇదీ దారి పొడవునా దృశ్యం.

కారు తీసుకుని వెళ్తే పొద్దున్నే మదనపల్లె టమోటా మార్కెట్లో ఆగండి. క్రేట్ల గుట్టల మధ్య వేలంపాట సాగుతుంటుంది. మండీ వ్యాపారి గుక్క తిప్పుకునేలోగా ఒక రైతు మూడునెలల కష్టానికి ధర తేలిపోతుంది. 2023 జూలైలో ఇక్కడ కిలో 150 రూపాయలు దాటింది. కోతకూలి కూడా గిట్టక రోడ్డుపక్కన పారబోసిన రోజులకూ లెక్కలేదు. మరెందుకు వేస్తారంటే... దాదాపు 700 మీటర్ల ఎత్తున్న ఊరు కాబట్టి ఎండాకాలంలోనూ కాస్త చల్లదనం ఉంటుంది. బోరులో మిగిలిన కొద్దిపాటి నీటితో త్వరగా డబ్బు కళ్లజూసే పంట ఇదే.

బీటీ కాలేజీలో 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు జనగణమనను ఇంగ్లిషులోకి అనువదించిన సంగతి చాలామందికి తెలిసిందే. ఊరి పక్కనే ఉన్న ఆరోగ్యవరానికి వందేళ్ల కిందటే క్షయ రోగులు వచ్చేవారు. ఇక్కడి పొడిగాలి ఊపిరితిత్తులకు మంచిదని నమ్మకం. ఆ గాలి రైతుకు మాత్రం ఏం మేలు చేయలేదు.

పుంగనూరులో మేం పొట్టి ఆవుల కోసం వెతికాం. మూడడుగులు కూడా ఉండదు ఈ జాతి. తినేది తక్కువ, పాలలో వెన్న ఎక్కువ. గడ్డి దొరకని నేలకు తగ్గ ఆవు! తీరా చూస్తే ఏ ఇంటి ముందైనా సీమావులే. పాలకేంద్రానికి లీటర్లు కావాలి మరి. 2024 సంక్రాంతికి ప్రధాని మోదీ తన నివాసంలో పుంగనూరు ఆవులకు మేత పెడుతున్న ఫొటోలు వచ్చాక వీటికి గిరాకీ పెరిగింది. మందగా చూడాలంటే పలమనేరు పశుపరిశోధన కేంద్రానికి వెళ్లాలి. సొంతూరిలో అపురూపమై, నగరాల బంగళాల్లో ముద్దుబిడ్డైన ఆవు ఇదొక్కటేనేమో.

పలమనేరు దాటగానే అడవి మొదలవుతుంది. 1980ల్లో పొరుగు రాష్ట్రాల నుంచి ఏనుగులు వచ్చి ఇక్కడే ఉండిపోయాయి. వాటికోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. కందకాలు తవ్వారు, సోలార్ కంచె వేశారు. అయినా నీటి కోసం, పంట కోసం అవి పొలాల్లోకి దిగుతూనే ఉన్నాయి. పైరు పోగొట్టుకున్నవాళ్లున్నారు, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. కరెంటు తీగలకు బలైన ఏనుగులూ ఉన్నాయి. 2025 మేలో కర్ణాటక ఇచ్చిన నాలుగు కుంకీలను పలమనేరు దగ్గర ముసలిమడుగు శిబిరంలో ఉంచారు. చీకటిపడ్డాక ఈ దారిలో కారు ఆపొద్దని హోటలాయన మరీమరీ చెప్పాడు. ఆయన పెట్టిన రాగిసంగటి, చెనక్కాయల ఊరుబిండి గురించి రాయాలంటే ఇంకో పేజీ కావాలి!

కుప్పం చేరేసరికి మాట మారుతుంది. తెలుగులో మొదలైన బేరం అరవంలోకి వెళ్లి కన్నడంలో తెగుతుంది. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఇక్కడ పెట్టడం ఊరికే కాదు. నీటికీ మూడు రాష్ట్రాల లెక్కే. కర్ణాటకలో పుట్టిన పాలారు ఈ ప్రాంతంలో 33 కిలోమీటర్లు పారి తమిళనాడులోకి పోతుంది. పేరుకు నది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే.

అందుకే పరమసముద్రం చెరువు కట్టమీద చాలాసేపు నిలబడ్డాం. 2025 ఆగస్టు చివర్లో హంద్రీనీవా కాలువ మీదుగా కృష్ణా నీళ్లు ఇక్కడికొచ్చాయి. శ్రీశైలం నుంచి మెట్టుమెట్టుకూ పంపులతో ఎత్తిపోస్తే 700 కిలోమీటర్లు దాటి వచ్చిన నీళ్లు! సంతోషమేనా అని కట్టమీదున్న పెద్దాయన్ని అడిగితే, వచ్చినాయి గదా సారూ అన్నాడు. ఏటా వస్తాయా అంటే మాత్రం జవాబివ్వలేదు.

అక్కడికి కాస్త దూరంలోనే, తమిళనాడు నంబరుప్లేటున్న రిగ్గు లారీ ఒక పొలంలో బోరు వేస్తోంది. తెల్లటి రాతిపొడి కారు అద్దం మీదికి కొట్టింది. వెయ్యడుగులు దాటినా తడి తగల్లేదట. ఇంకో యాభై అడుగులు పొమ్మని రైతు చేత్తో సైగ చేశాడు.